పాత శీర్షిక కింద సంతకాలు

తన పిటిషన్‌కి కౌంటీ లాయర్ క్లేటన్ రౌష్ రాసి పంపిన శీర్షికను ఆర్డిస్ హాగెన్ పోస్టు డబ్బా దగ్గర నిలబడే మూడుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ ఒళ్లు మండిపోయింది. "కొద్దిమంది రోగులు వాడుకునే ఖరీదైన సేవ కోసం రైతుల భూమి పన్ను పెంచమని కౌంటీని బలవంతపెట్టే ప్రతిపాదన" అట! పన్ను మాటే ఆవిడ పిటిషన్‌లో లేదు. ఆసుపత్రి వెనక వైపున్న డయాలసిస్ గది ఉండాలో మూసెయ్యాలో నవంబరులో జనమే ఓటు వేసి తేల్చాలని అడిగింది, అంతే.

ఆ గదిలో వారానికి మూడు రోజులు కుర్చీల్లో వాలి కూర్చునే పదకొండు మందిలో ఆవిడ మొగుడు ఓర్విల్ ఒకడు. డిసెంబరు ఆఖరుకి గది మూసేస్తామని కౌంటీని నడిపే కమిషనర్లు తీర్మానించేశారు. ఆ తర్వాత రక్తం శుభ్రం చేయించుకోవాలంటే నూట నలభై మైళ్లు పోవాలి. చలికాలంలో ఆ దారి సగం రోజులు మంచుకి మూతబడే ఉంటుంది.

ఓర్విల్ ముందే తేల్చి చెప్పేశాడు. "అంత దూరం నేను పోను ఆర్డిస్. మూడు రోజులు కార్లో, మిగతా రోజులు మంచంలో. అదీ ఒక బతుకేనా? ఇక్కడుంటే బతుకుతా, లేకపోతే మానేస్తా." మానేస్తే ఎన్నాళ్లుంటాడో డాక్టరు ఇద్దరికీ చెప్పే ఉన్నాడు. రెండు వారాలు. ఓర్విల్ ఒకసారి అన్నాడంటే ఇక ఆ మాటకి తిరుగుండదు.

ఆర్డిస్ ముప్ఫై ఒక్క ఏళ్లు ధాన్యం గోదాములో కాటా దగ్గర పనిచేసింది. తూకంలో ఏమాత్రం అనుమానం వచ్చినా లారీని వెనక్కి తిప్పించి మళ్లీ తూచేది. ఎంత పెద్ద రైతు విసుక్కున్నా ఖాతరు చేసేది కాదు. అలాంటి మనిషి నెత్తిన అబద్ధం మోస్తున్న కాగితం పట్టుకుని ఇంటింటికీ ఎలా తిరుగుతుంది? తిరగక తప్పదు. సంతకాల కాగితం ప్రతిదాని మీదా కౌంటీ లాయర్ రాసిన శీర్షికే అచ్చవ్వాలని చట్టం.

మర్నాడు పొద్దున్నే రౌష్ ఆఫీసుకి వెళ్లింది. మనిషికి నలభై ఏళ్లుంటాయి. మాట నున్నన, నవ్వు ఇంకా నున్నన.

"ఇదేం రాత అబ్బాయ్? పన్ను పెంచమని నేనెక్కడ అడిగాను?"

"మీకలా అనిపిస్తే కోర్టుకి వెళ్లొచ్చు ఆర్డిస్ గారూ. అందుకేగా చట్టం పది రోజులు గడువిచ్చింది? న్యాయంగా లేదనుకుంటే జడ్జిగారే మారుస్తారు. నేనేమీ అనుకోను."

"మరి కేసు నడుస్తుంటే సంతకాలు పెట్టించుకోవచ్చా?"

"నిక్షేపంగా. మిమ్మల్ని ఆపేదెవరు?"

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆవిడ అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది. ఆవిడకి అది తట్టలేదు. తట్టని ప్రశ్నకి జవాబు చెప్పే ధర్మాత్ముడు కాదు రౌష్.

ఇంటికొచ్చి చెబితే ఓర్విల్ మొహం చిట్లించాడు. "కోర్టూ గీర్టూ వద్దు. జనం నీ మొహం చూసి సంతకం పెడతారు గానీ ఆ రాత చూసి కాదు."

"రేపు బ్యాలట్ మీద కూడా అదే రాత ఉంటుంది. పన్ను అని చూస్తే ఎవడు ఓటేస్తాడు?"

"అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం. ముందు గట్టెక్కనీ. వెళ్లొద్దు ఆర్డిస్."

"అబద్ధం మీద గట్టెక్కమంటావా?" అందావిడ. మర్నాడే కేసు వేసింది.

కేసు నడుస్తున్నన్నాళ్లూ ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. చర్చి భోజనాల దగ్గర, పశువుల సంతలో, గోదాము ముందు లారీల వరసలో, ఎక్కడ నలుగురు కనపడితే అక్కడ అట్టకి తగిలించిన కాగితాలతో ప్రత్యక్షమైంది. "వచ్చిందమ్మా కాటా రాణి" అని వేళాకోళం చేస్తూనే అందరూ సంతకం పెట్టారు. ప్రతిపాదన బ్యాలట్ ఎక్కాలంటే కావలసినవి పధ్నాలుగు వందలు. జులై మధ్యకల్లా పదహారు వందల పన్నెండు వచ్చాయి.

ఆ మంగళవారం తీర్పూ వచ్చింది. శీర్షిక జనాన్ని తప్పుదోవ పట్టించేలా ఉందని జడ్జి కడిగేశాడు. "కౌంటీ ఆసుపత్రిలోని డయాలసిస్ గదిని కొనసాగించాలా వద్దా అని ఓటర్లు నిర్ణయించే ప్రతిపాదన" అని తనే కొత్తది రాసిచ్చాడు. ఆర్డిస్ ఆ సంబరంలో మూడు ఆపిల్ పైలు కాల్చి, డయాలసిస్ గదిలో అందరికీ పంచింది.

బుధవారం కాగితాల కట్ట తీసుకెళ్లి ఎన్నికల కౌంటర్ మీద పెట్టింది. గుమాస్తా వాటిని ముట్టుకోకుండా లోపలికి వెళ్లి రౌష్‌ని పిలుచుకొచ్చింది. అతను చట్టం పుస్తకం తెచ్చాడు. పేజీ ముందే గుర్తు పెట్టి ఉంది.

"శీర్షిక మారితే పాత శీర్షిక కింద పెట్టిన సంతకాలు చెల్లవండీ. జనం ఏది చదివి సంతకం పెట్టారో బ్యాలట్ మీదా అదే ఉండాలి కదా. ఆలోచిస్తే మంచి చట్టమే."

ఆవిడ కట్టని మళ్లీ తన వైపు లాక్కుంది. "మరి సంతకాల గడువు?" అంది.

"అది మారదు. వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదు."

"ఈ ముక్క ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. పైగా నేను కౌంటీ లాయర్ని, మీ లాయర్ని కాదు."

"కావాలనే అలా రాశావు నువ్వు."

రౌష్ పుస్తకం మూశాడు. "న్యాయంగా రాస్తే మీరు కోర్టుకి వెళ్లేవారు కాదు కదండీ," అన్నాడు, వాన గురించి మాట్లాడినంత తేలిగ్గా.

తొమ్మిది రోజులు. అదీ గోధుమ కోతల మధ్య. కోతల్లో ఆ ఊళ్లలో ఇంట్లో మనిషి దొరకడు. ఆర్డిస్ కారుని చేలల్లోకే తోలింది. కోత యంత్రం మీదున్న ఎమిల్ శాట్లర్‌కి చెయ్యి ఊపి ఆపింది. అతను పెట్టిన సంతకం పాత కాగితాల్లో మొట్టమొదటిది.

"మళ్లీ ఒక్క సంతకం ఎమిల్. పాతవి చెల్లవట."

"పోయిన నెల పెట్టా కదా తల్లీ." ఎమిల్ కాగితం తీసుకుని అడుగున ఉన్న ఎర్రక్షరాలు చదివాడు. "చూడు, ఒకే ప్రతిపాదన మీద రెండుసార్లు సంతకం పెడితే నేరమట. నిన్న రేడియోలో రౌష్ కూడా అదే చెప్పాడు."

"మొదటిది చెల్లనప్పుడు ఇది రెండోది ఎలా అవుతుంది?"

"నువ్వు లాయరువా?"

"కాదు."

"అతను లాయరు," అని ఎమిల్ కాగితం తిరిగిచ్చేశాడు. "ఏమీ అనుకోకు ఆర్డిస్. ఓర్విల్ అంటే నాకు ప్రాణం. కానీ నేరమని రాసిపెట్టి ఉంది కదా."

చుట్టూ మైలు దూరంలో బండి లేకపోయినా కూడలిలో ఆగి, అటూ ఇటూ చూసి కదిలే జనం వాళ్లు. రేడియోలో రౌష్ కాగితం మీదున్న వాక్యం చదివాడు, అంతే. పాత సంతకాల మాటేమిటని ఎవరో అడిగితే, అనుమానం ఉన్నవాళ్లు సొంత లాయర్ని అడగండి అన్నాడు. కోతల మధ్య సంతకం కోసం లాయరు దగ్గరికి పోయే రైతు ఎవడు? మంచివాళ్లే ముందు వెనక్కి తగ్గారు. వాళ్ల మంచితనం తగలెయ్యా!

శుక్రవారం అయిదుకి ఆవిడ లెక్క వెయ్యి నూట తొమ్మిది, దాదాపు మూడు వందలు తక్కువ. గుమాస్తా రసీదు మీద ముద్ర కొట్టి ఇచ్చింది. రౌష్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. కార్లో కూర్చుని ఆర్డిస్ స్టీరింగుకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఓర్విల్ వంటింట్లో బల్ల దగ్గర ఉన్నాడు. "ఎన్ని?"

చెప్పింది.

"కోర్టుకి వెళ్లొద్దన్నాను."

"అన్నావు."

నలభై నాలుగేళ్ల కాపురంలో అతను ఆవిణ్ణి నొప్పించిన మాట లేదు. నువ్వు మాత్రం ఏం చేస్తావులే అంటాడని ఎదురుచూసింది. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ప్రాణం కొట్టుకులాడింది.

"నీ నిజం నీకు దక్కింది," అన్నాడు ఓర్విల్. "నా ప్రాణం పెట్టి కొన్నావు."

"నేను తీసుకెళ్తా. నూట నలభై కాదు, నాలుగు వందల మైళ్లయినా నడుపుతా. నీకు దణ్ణం పెడతా ఓర్విల్."

"గది మూసిన రోజు మానేస్తా. అందరికీ నువ్వే చెప్పు. ఎందుకని అడిగితే అదీ నువ్వే చెప్పు." ఫోన్ ఆవిడ ముందుకి జరిపాడు. "ముందు మన పిల్లకి."

కూతురు మార్లీస్ వేసవంతా అలాస్కా తీరంలో చేపల పడవ మీద పనిచేస్తుంది. పడవ ఒడ్డుకొస్తే తప్ప ఫోన్ అందదు. ఆ రోజు మొదటిసారికే అందింది.

"అమ్మా!" అని అరిచింది మార్లీస్. "నీ మెసేజి ఇప్పుడే చూశా. కోర్టులో గెలిచావటగా! నాన్న ఏమంటున్నాడే? ఒకసారి ఇవ్వు."

ఆర్డిస్ ఫోన్ అతని వైపు చాచింది. ఓర్విల్ తీసుకోలేదు. చేతులు కట్టుకుని, ఆవిడ ఎలా మొదలుపెడుతుందో వినడానికి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.