గడ్డిపోచ ఓటు

గాజు ఫ్యాక్టరీలో గ్లాసులు, జగ్గులు పగలకుండా ఎండుగడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దే పని పెద్దమ్మది. ముప్పై ఏళ్ళుగా చేస్తోంది. అందరికీ పెద్దమ్మే, ఆమెకన్నా నాలుగేళ్ళు పెద్దవాడైన కొలిమి మేస్త్రీకి కూడా.

ఆ ఉదయం హెడ్డాఫీసు నుంచి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. పెద్దమ్మను తీసేసి ప్యాకింగ్ మిషను పెట్టాలనుకుంటున్నారట. ముందుగా పనివాళ్ళతో స్ట్రా ఓటు వేయించాలట.

"స్ట్రా అంటే కూల్‌డ్రింకు తాగే గొట్టమేగా?" మేనేజరు టైపిస్టునడిగాడు.

"గడ్డిపోచ సార్." ఆమె నిఘంటువు తిరగేసింది. "పూర్వం గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి గడ్డిపోచ ఎగరేసేవాళ్ళట. అలా జనం మొగ్గు ఎటుందో ఊరికే అడిగి చూడటమన్నమాట."

మేనేజరు గడ్డిపోచ దగ్గరే ఆగిపోయాడు. మిగతాది వింటే ఆయన మేనేజరెందుకవుతాడు?

ప్యాకింగ్ గదిలో ఒక గోడమీద 'పెద్దమ్మ' అని, ఎదురుగోడమీద 'మిషను' అని సుద్దముక్కతో రాయించాడు. గాలి వేలు పెట్టకూడదని కిటికీలు మూయించాడు. అందరి చేతికీ తలో గడ్డిపోచ ఇచ్చి గాల్లోకి వదలమన్నాడు, ఏ గోడవైపు పోతే ఓటు అటు.

"మిషనే మేలు సార్," అన్నాడు కొలిమి మేస్త్రీ, మేనేజరుకు వినపడేలా. తీరా వదిలాక అతని పోచ తిన్నగా వెళ్ళి పెద్దమ్మ గోడకు అతుక్కుంది. మేస్త్రీ నాలిక కరుచుకున్నాడు. తర్వాత వదిలినవన్నీ అటే ఎగిరాయి.

"తోసుకోకండి, వరసలో రండి," అన్నాడు మేనేజరు.

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. పొద్దున్నుంచీ ఆమె ప్రాణం ప్రాణంలో లేదు. ఇక గండం గడిచినట్టే. చివరగా తన పోచ తనూ వదిలింది.

అది మిషను వైపు వెళ్ళింది.

"ఇంకోటి ఇవ్వమ్మా," అంది టైపిస్టుతో. రెండోదీ అటే పోయింది. పెద్దమ్మ ఆ రెండు పోచలనూ చాలాసేపు చూసింది. తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత.

"ఇన్నేళ్ళలో నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడిగి చూసుకోలేదు," అంది. "అలిసిపోయానర్రా."

మేనేజరు బుర్ర గోక్కున్నాడు. "హెడ్డాఫీసుకి ఏమని రాయమంటావు పెద్దమ్మా?"

"వెళ్ళిపోతానందని రాయండి బాబూ. తీసేశామని మాత్రం రాయకండి."