అరవైలో యాభై ఎనిమిది

ఇంటర్ మొదటి సంవత్సరంలో నాకు చుట్టుకున్న పీడ పేరు టాప్ సిక్స్‌టీ. నందిగామలో మా కాలేజీ వాళ్లు ఎంపీసీలో చేరిన మూడొందల మందికీ ఒక పరీక్ష పెట్టి, ముందొచ్చిన అరవై మందిని ఐఐటీ క్లాసని విడిగా కూర్చోబెట్టారు. పదో తరగతి లెక్కల్లో తొంభై ఎనిమిది తెచ్చుకున్నదాన్ని కదా, ఆ అరవైలో నేనూ పడ్డాను. పడ్డమే, లేచింది లేదు.

భవానీప్రసాద్ సారు బోర్డు మీద లెక్క మొదలుపెట్టి, సగంలో "ఇది మీకు తెలిసిందేగా" అంటూ మూడు మెట్లు దాటేస్తారు. తెలిసినవాళ్లు తలలూపుతారు. నాకు తెలియదు. అయినా ఊపుతాను. నేను తల ఊపడం పూర్తయ్యేలోపు ఆయన బోర్డు తుడిచేస్తారు.

ఆదివారం పరీక్ష, సోమవారం సాయంత్రం ఇంటికి మెసేజ్. మార్కులు పంపితే తల్లిదండ్రులు గొడవకొస్తున్నారని ర్యాంకు ఒక్కటే పంపుతారు. అది ర్యాంకని కూడా రాయరు. "టాప్ 60. ఆస్మా. 58." అంతే.

మా నాన్న సిలార్‌కి చిల్లకల్లులో హైవే పక్కన పంచర్ షాపు ఉంది. మొదటి మెసేజ్ వచ్చిన రోజు నేను బస్సు దిగేసరికి షాపు ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. నాన్న చేతుల మసి కూడా తుడుచుకోకుండా ఫోన్ చూపిస్తున్నాడు.

"అరవైకి యాభై ఎనిమిది! ఐఐటీ క్లాసులో!"

పక్క టీకొట్టు పుల్లయ్య బాబాయి నన్ను చూసి, "మరి ఆ రెండూ ఎక్కడ పోయినయ్యమ్మా?" అన్నాడు.

ఎక్కడికీ పోలేదు, నా వెనకాల బెంచీలో కూర్చున్నాయి అని చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. నాన్న మొహం చూసి మూసుకున్నాను. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి, ఆ అంకెను చూసుకుంటున్న తీరు చూస్తే నా వల్ల కాలేదు.

ఒక్కసారి చెప్పకపోతే ఇక అంతే. తర్వాతి వారం యాభై ఏడు. ఆ పై వారం యాభై తొమ్మిది. "ఒక్కటే తక్కువ!" అని నాన్న ఆ రోజు లారీ డ్రైవర్లందరికీ టీలు పోయించాడు. నాకూ ఒకటి ఇచ్చాడు. అంత చేదు టీ నేనెప్పుడూ తాగలేదు.

మామూలు సెక్షన్లో ఉన్న నా స్నేహితురాలు కృష్ణప్రియ నాలుగింటికే ఇంటికెళ్లిపోతుంది. నేను ఆరున్నరకి. "లెటర్ రాసి మీ నాన్న చేత సంతకం పెట్టించుకో, మా సెక్షన్‌కి వచ్చెయ్. ఎందుకే ఈ బాధ?" అంది. లెటర్ రాశాను. రాసి, బ్యాగులో లోపలి జిప్పులో పెట్టుకుని నెలంతా మోశాను. అరవైకి యాభై ఎనిమిది తెచ్చుకుంటున్న పిల్ల క్లాసు ఎందుకు వదిలేస్తానంటుందో ఏ మొహంతో చెప్పను? మింగలేను, కక్కలేను. సారు మీద కోపం, కృష్ణప్రియ మీద కోపం, ఆ మెసేజ్ పంపే మహానుభావుడెవడో వాడి మీద మరీ కోపం.

ఆ కోపంలోనే ఒకటి అనుకున్నాను. చివరి బెంచీలోంచి వెళ్లిపోతే పారిపోయిందంటారు. నడిమికి వచ్చి వెళ్తే వదిలేసిందంటారు. వెళ్లేదెలాగూ వెళ్తాను, కాస్త మర్యాదగా వెళ్తాను.

మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టగానే సారు వెంటపడ్డాను. "మీరు వదిలేసిన మూడు మెట్లు ఏంటండీ?" అని రోజూ అడిగాను. ఆయన మొదట విసుక్కున్నారు. తర్వాత నేను కనబడగానే సుద్దముక్క తీసేవారు. ఒక్క చాప్టరే పట్టుకుని, సమాధానాలు చూడకుండా, తప్పయితే మళ్లీ మొదట్నుంచి చేశాను. యాభై మూడు వచ్చింది. ఆ తర్వాత నలభై ఏడు. ఆ పై వారం నలభై ఒకటి!

ఇంట్లో మాత్రం చావు కబురు విన్నట్టు ఉన్నారు. మొదటి వారం నాన్న ఏమీ అనలేదు. రెండో వారం "ఒంట్లో బాగుంటం లేదా అమ్మా?" అన్నాడు. మూడో వారం ఫోన్ ఎవరికీ చూపించలేదు. అమ్మ నా ఫోన్ తీసి బీరువాలో పెట్టింది. పుల్లయ్య బాబాయి "ధ్యాస తగ్గినట్టుంది పిల్లకి" అని నాకు వినపడేలా నిట్టూర్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత చదవలేదు నేను. నన్ను చూసి జాలిపడుతున్నారు! అరవాలనిపించింది. కానీ అరిస్తే మొత్తం చెప్పాలి.

మంగళవారం క్లాసులో ఉండగా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. వెళ్లి చూస్తే నాన్న. పనిరోజున షాపు మూసి, పండగ చొక్కా వేసుకుని వచ్చాడు. చేతిలో నా లెటర్, కింద ఆయన సంతకం.

"పొద్దున టిఫిన్ డబ్బా పెడుతుంటే మీ అమ్మకి దొరికింది. అడగలేక దాచుకున్నావని అర్థమైందమ్మా. వారం వారం తగ్గిపోతన్నావ్. వద్దులే ఈ క్లాసు. సంతకం పెట్టేశా."

మూడు నెలలుగా నేను కోరుకున్న కాగితం. చూడగానే ఒళ్లు మండిపోయింది.

"తగ్గట్లేదు నాన్నా! పెరుగుతున్నా!"

గుమాస్తా తలెత్తి చూశాడు. చూడనీ. మొత్తం చెప్పేశాను. అది మార్కు కాదు, స్థానం. ఒకటి వచ్చినవాడే గొప్ప. యాభై ఎనిమిదంటే నా వెనక ఇద్దరే.

నాన్న ఫోన్ తీసి పాత మెసేజ్‌లు ఒక్కొక్కటే చూసుకున్నాడు.

"మరి యాభై తొమ్మిది వచ్చిన రోజు?"

"నా వెనక ఒక్కరే."

"ఆ రోజు అందరికీ టీ పోయించా."

"తెలుసు. నేనూ తాగా."

ఆయనకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. నాకు నీళ్లే వచ్చాయి.

"ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు అంత సంబరపడతంటే ఎట్టా చెప్పను?"

"పిచ్చిదానా, చివరిదానివైతే నా కూతురివి కాకుండా పోతావా?" అని గట్టిగానే కసిరాడు. తర్వాత లెటర్ బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడు చెప్పు. ఉంటావా, వచ్చేస్తావా?"

ఆ మాట అంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. నేనూ నన్ను అడగలేదు. ఎలా బయటపడాలా అని తప్ప, ఉండాలనుందా అని ఎన్నడూ అనుకోలేదు. ఆ నలభై ఒకటి మాత్రం నాది. దాన్ని ఈ బల్ల మీద వదిలేసి వెళ్లడానికి మనసొప్పలేదు.

"ఉంటా," అన్నాను, ఇంకా కోపంగానే. "ఎంతొచ్చిందని నువ్వు అడగకూడదు."

"అడగను. నువ్వే చెప్పు."

తర్వాతి సోమవారం బస్సు దిగేసరికి షాపు దగ్గర మళ్లీ జనం. నాన్న లారీ చక్రం ముందు కూర్చుని నట్లు బిగిస్తున్నాడు. ఫోన్ వైపు చూడలేదు.

"నలభై ఆరు నాన్నా."

"పెరిగినట్టా, తగ్గినట్టా?"

"తగ్గినట్టు. ఐదుగురు దాటిపోయారు."

పుల్లయ్య బాబాయి కొట్టులోంచి తొంగి చూసి, "ఎంతంట సిలారూ?" అని అడిగాడు.

"నలభై ఆరు! ఈ వారం తగ్గింది మా ఆస్మా!" అని నాన్న హైవే అవతలికి కూడా వినపడేలా చెప్పి, నా బ్యాగు అందుకున్నాడు.