సెటప్ అనే ఫైలు

కృపాజ్యోతి బ్రష్షుతో లాప్‌టాప్ మీటల మధ్య దుమ్ము దులుపుతోంది. పక్క తెరమీద ఫైళ్ల పేర్లు పైకి పాకుతున్నాయి. ఎల్లారెడ్డి నుంచి పొద్దుటి బస్సులో నిలబడే వచ్చింది, మడమలు లాగుతున్నాయి. పదో తరగతి దాకా తల్లి ముత్తవ్వ పక్కన కూర్చుని బీడీలు చుట్టిన వేళ్లు ఆమెవి. కామారెడ్డిలో ఈ పాత కంప్యూటర్ల దుకాణానికి వచ్చాక అవే వేళ్లు సన్నని మరలు విప్పడం నేర్చాయి.

అమ్మకానికి వచ్చిన ప్రతి యంత్రంలోనూ ముందు హ్యాష్‌లు సరిచూడాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర. లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర మారుతుంది. పేరు మార్చినంత మాత్రాన మారదు. కంపెనీలు చేసిన సాఫ్ట్‌వేర్ ముద్రలు ముందే జాబితాలో ఉంటాయి. వాటితో కలిసినవి పక్కకు పోతాయి. కలవనివి మనిషివి కావచ్చు. వాటిని తెరిచి చూసి, యజమానికి ఇచ్చి, ఆ తర్వాతే డిస్కు తుడవాలి.

ఈ లాప్‌టాప్‌లో కలవనిది ఒక్కటే తేలింది. పేరు 'సెటప్'. ఏదో సాఫ్ట్‌వేరే అయి ఉంటుందనుకుంది. తెరవలేదు. వరుసలో ఇంకా యంత్రాలున్నాయి. డిస్కంతా తుడిచేసి కొత్త విండోస్ ఎక్కించింది.

మధ్యాహ్నం దాన్ని అమ్మకానికిచ్చిన భూమయ్య వచ్చాడు. మోకాళ్ల దాకా మడిచిన ధోవతి, పిక్కలకు ఎండిన మడి బురద. చేతిలోని తువ్వాల మూట బల్ల చివర పెట్టి కూర్చున్నాడు.

"మా నిహారికది ఏమన్న దొరికిందా బిడ్డా?"

"ఏం లేదు బాపు. అంత కంపెనీదే."

"ఫోటోలు ఇంట్ల ఉన్నయి. గొంతు ఉంటదేమోనని అడిగిన. నా బిడ్డ చచ్చిపోయి ఆర్నెల్లాయె. గొంతు యాదికొస్తలేదు."

కృపాజ్యోతి చెయ్యి ఆగింది. పొద్దుటి ఫలితాన్ని మళ్లీ తెరిచింది. 'సెటప్' పక్కన, రకం అనే గడిలో, 'ఆడియో' అని ఉంది. ఇంట్లోవాళ్లు తెరవకుండా ఆ పిల్ల పెట్టుకున్న పేరు కాబోలు. భూమయ్య అప్పటికే లేచాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు.

"బాపు, ఒకటుండె. నేనే చూడకుండ తుడిచేసిన. మల్ల రాదు. తప్పు నాదే."

అతను కోప్పడలేదు. ఆమె చేతులవైపు చూశాడు. ఆమె వాటిని బల్ల కిందికి లాక్కుంది.

"ఎంతసేపు మాట్లాడి ఉంటది?"

"సైజును బట్టి... నాలుగైదు నిమిషాలు."

"గంతసేపా?" అన్నాడు భూమయ్య. "నాతోని ఫోన్ల గంతసేపు ఎన్నడు మాట్లాడలే."

గడప దాటబోతూ ఆగాడు. వెనక్కి తిరగకుండానే, "పండ్లు నీకే తెచ్చిన" అన్నాడు. ఎల్లారెడ్డి బస్సు హారన్ కొడుతోంది, అటు నడిచాడు.

బల్ల చివర ముడి విప్పని తువ్వాల. లోపల సీతాఫలం ఒకటి పగిలి, బట్ట మెల్లగా తడుస్తోంది.