గునపానికి కట్టిన మైకు

సోమవారం లోపల పుష్పవతి చేయాల్సిన పనులు ఇవి.

నూజివీడు వెళ్లి, మైకుసెట్లు అద్దెకిచ్చే సువర్ణరాజు గారిని బతిమాలి హెడ్‌ఫోను తేవాలి.
దాంతోపాటు రెండు మైకులు, చిన్న యాంప్లిఫయరు, బ్యాటరీలు.
కొస వంచిన సైకిలు చువ్వ, దూది, సీసాడు కిరసనాయిలు సిద్ధంగా పెట్టుకోవాలి.
పక్క చేలో రమణమ్మ గారిని ఆయిలింజను కాసేపు ఆపమని అడగాలి.
నాన్నని ఒప్పించాలి.
నారాయణరావు గారు చెట్లు కొట్టించకుండా ఆపాలి.

అసలు పని ఆ చివరిదే. తక్కినవన్నీ దానికోసం పడే పాట్లు.

ముసునూరు దగ్గర నారాయణరావు గారి మామిడితోటకి పుష్పవతి తండ్రి గంగరాజు కాపలా. తోటలో పాకే వాళ్ల ఇల్లు. ఆ పాకలోంచి రోడ్డుదాకా నడిచి, బస్సెక్కి కాలేజీకి పోయి, వాళ్ల వంశంలో మొదటిసారి బియ్యస్సీ పాసైంది పుష్పవతి. ఫిజిక్సు. ఎనభై ఆరో సంవత్సరం మార్చి నాటికి ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకుంటూ ఇంటిపట్టునే ఉంది.

ఆ ఏడు పడమటి వైపు తోటని పూత మీదే కాంట్రాక్టరుకి ఇచ్చేశారు. వాళ్ల కాపలా మనుషుల్ని వాళ్లే పెట్టుకున్నారు. గంగరాజుకి మిగిలింది తూర్పు వైపు చిన్నరసాల చెట్లే. తీరా చూస్తే అవి పూతే పుయ్యలేదు. ఆకు పసుపు తిరిగింది, కొమ్మలు చివర్లనుంచి ఎండుకొస్తున్నాయి, మొదళ్ల దగ్గర రంపపు పొట్టు లాంటి పొడి రాలుతోంది. లోపల తొలిచే పురుగు పడింది.

"ఇంక లేవవు గంగరాజూ," అన్నారు నారాయణరావు గారు. "సోమవారం రంపం వాళ్లొస్తారు. పళ్లపెట్టెల చెక్కకన్నా పనికొస్తాయి. ఆ నేల దున్నించి పొగాకు వేయిస్తాను. నువ్వు కూడా ఎక్కడన్నా పని చూసుకో."

గంగరాజు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. పుష్పవతే ముందుకొచ్చింది.

"పురుగుని తీసేస్తే చెట్టు బతుకుతుంది కదండీ?"

"ఎక్కడుందో తెలిస్తే మీ నాన్న ఎప్పుడో తీసేవాడు. పొట్టు రాలేది ఒక చోట, అది కూర్చునేది ఒక చోట. ఊరికే మాను చెక్కుకుంటూ పోతే పురుగుకన్నా ముందు మనమే చంపుతాం."

"అది నమిలే చప్పుడు వినబడుతుందండీ. విని, చోటు చూపిస్తాను."

ఆయన నవ్వలేదు. అది ఆయన మంచితనం. "సోమవారం దాకా నీ ఇష్టం," అని వెళ్లిపోయారు.

చెట్టుకి చెవి ఆనించి వినడం గంగరాజుకి తెలియని పనేం కాదు. తెల్లారగట్ల లోకం సద్దుమణిగినప్పుడు ఎప్పుడో ఒకసారి లోపల కరకర వినబడేది. ఈ ఏడు ఆ అదృష్టం కూడా లేదు. పడమటి వైపు చిలకల్ని తోలడానికి పగలంతా రేకుడబ్బాలు వాయిస్తున్నారు. పక్క చేలో రమణమ్మ గారి ఆయిలింజను డబడబలాడుతూనే ఉంది. చీకటి పడితే కీచురాళ్లు.

నూజివీడులో సువర్ణరాజు గారి కొట్టు నిండా లౌడ్‌స్పీకరు హార్నులు బోర్లించి ఉన్నాయి. ఆయన మాటే ఒక మైకు. బజారంతా వినబడేలా మాట్లాడతాడు.

"సెట్టు దేనికమ్మాయ్? పెళ్లికా?"

"పురుగుకండీ, బాబాయి గారూ."

"పురుగుకి మైకెందుకే? అదేమన్నా పాడతదా?"

"నములుతుందండీ. నేను వినాలి."

సంగతంతా విని ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అయితే నీకు కావాల్సింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. దానికి రెండు దార్లు. ఒకటి, చెవికి గోడ కట్టడం. రెండోది, వచ్చే చప్పుడు మీదకి దానికి ఎదురు చప్పుడు తోలి రెండింటినీ చంపడం. నా మాట విను, గోడే మేలు. రెండోది ఓ పట్టాన కుదరదు, కుదిరినా గంటసేపు నిలవదు."

గోడ అంటే ఏంటో అప్పటికప్పుడే చేసి చూపించాడు. పాత హెడ్‌ఫోను గిన్నెలకి మందపాటి రెగ్జిను గాదీలు కుట్టి, లోపల బూరుగుదూది కూరి, పైన స్ప్రింగు బిగించాడు. పుష్పవతి పెట్టుకుంది.

"దిద్దులు తీసెయ్. జుట్టు వెనక్కి తోసుకో. వెంట్రుకంత సందున్నా అది గోడ కాదు, తడిక."

దిద్దులు తీసి పెట్టుకుంటే బజారు మాయమైంది. రిక్షా బెల్లు లేదు, ఎదుటి హోటల్లో గ్లాసుల గలగల లేదు. కానీ సందు చివర పిండిమర మాత్రం గుమ్‌మని లోపలికి వస్తూనే ఉంది.

"సన్నటి చప్పుళ్లు ఆగాయండీ. లావుది ఆగలేదు."

"లావుది అంతే. గోడని కూడా ఊపేస్తది."

"అదొక్కటే కాదండీ. ఇంజను అదురు నేలలోంచి మానులోకి ఎక్కుతుంది. మానుకి కట్టిన మైకులోంచి తీగెంట వస్తుంది. చెవికి గోడ కడతాం సరే, తీగకి ఎక్కడ కడతాం?"

సువర్ణరాజు గారు ఫక్కున నవ్వాడు. "బియ్యస్సీ ఊరికే పాసవలేదు నువ్వు."

ఆమె చదివిన పాఠమే అది. ఒక అల పైకి లేచే చోట ఇంకో అల కిందికి దిగితే రెండూ కలిసి చదునైపోతాయి. రెండో మైకుతో ఇంజను అదురుని విడిగా పట్టి, దాని తీగలు తారుమారు చేసి కలిపితే ఇంజను ఇంజన్నే తినేస్తుంది. దడదడా ఒకే తీరుగా కొట్టుకునే చప్పుడుకి ఆ ఎదురు చప్పుడే మందు. ఎప్పుడు పడుతుందో తెలియని రేకుడబ్బాకి గోడ. ఏదో ఒకటే ఎంచుకోవాలని ఎవరన్నారు? ఎదురయ్యే చప్పుడుని బట్టి రెండూ కావాలనుకుంది పుష్పవతి. సువర్ణరాజు గారు రెండో మైకుకి విడిగా ఒక వాల్యూము బిరడా కూడా పెట్టి ఇచ్చాడు.

ఇక రమణమ్మ గారు ఇంజను ఆపనన్నారు. "అద్దె ఇంజనమ్మా. మళ్లీ వంతు ఎప్పుడొస్తదో ఏమో. నీ చెట్టుకే ప్రాణం ఉందా, నా మొక్కజొన్నకి లేదా?" ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

ఆదివారం నారాయణరావు గారు వచ్చి చూస్తుండగా ఒక మైకుని ఎండు కొమ్మల చెట్టు మానుకి తాడుతో బిగించింది. రెండోదాన్ని దాని పక్క చెట్టుకి కట్టింది. అదే నేల, అదే అదురు కదా అని. బిరడా తిప్పుతూ పోతే ఒక చోట ఇంజను జారిపోయినట్టు అణిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో సన్నగా, స్పష్టంగా, ఎండుకొబ్బరి కొరుకుతున్నట్టు కరకర. మైకుని పైకీ కిందికీ జరిపింది. ఎక్కడ పెట్టినా అంతే గట్టిగా ఉంది.

"ఇక్కడే నాన్నా!"

గంగరాజు ఉలి పెట్టి కొట్టాడు. బెరడు లేచింది. కింద చెక్క పచ్చగా, తడిగా, వెన్నలా ఉంది. ఇంకో జానెడు పైన చెక్కాడు. అదీ అంతే.

"చాలు గంగరాజూ," అన్నారు నారాయణరావు గారు. "రేపు రంపం వాళ్లొస్తారు."

ఆయన వెళ్లాక గంగరాజు బంకమట్టి, పేడ కలిపి చెట్టు గాయానికి మెత్తసాగాడు. "పోనీలేమ్మా," అన్నాడు. కూతురిని తిట్టడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు.

పుష్పవతి హెడ్‌ఫోను తీయలేదు. తను విన్నది పురుగే. అందులో అనుమానం లేదు. మరి చెక్కలో ఎందుకు లేదు? మొదటి మైకుని చెట్టునుంచి ఊడదీసి చేతిలో పట్టుకుంది. ఇంజను మళ్లీ మీద పడింది, కానీ దాని సందుల్లో కరకర మాత్రం ఆగలేదు.

నవ్వొచ్చింది ఆమెకి. పురుగు ఉన్నది రెండో మైకు కట్టిన చెట్టులో! తీగలు తారుమారు చేసినంత మాత్రాన ఆ మైకు చెవిటిదైపోతుందా? దానికి ఇంజనూ వినబడుతుంది, తను కట్టి ఉన్న చెట్టులోని పురుగూ వినబడుతుంది. ఇంజను రెండు మైకుల్లోనూ ఉంది గనక చచ్చింది. పురుగు ఒక్కదాంట్లోనే ఉంది గనక మిగిలింది.

"నాన్నా, గునపం ఏదీ?"

"దేనికే?"

"నేలలో దిగ్గొట్టు. రెండో మైకు దానికి కడదాం. నేలలోంచి ఇంజను అదురు గునపానికీ ఎక్కుతుంది. గునపంలో పురుగు ఉండదు కదా!"

గంగరాజు మట్టిచేతులతోనే ఆమెని ఎగాదిగా చూశాడు. "దీనికి కాలేజీకి పోవాలటే?" అని గొణుగుతూనే గునపం తెచ్చాడు.

సోమవారం పొద్దున రంపం వాళ్లు దిగారు. నారాయణరావు గారూ వచ్చారు. తన సెట్టు ఏమైందో చూసుకుందామని సువర్ణరాజు గారు సైకిలు మీద వచ్చాడు. పుష్పవతి ఎవరినీ బతిమాలలేదు. "వాళ్లు రంపానికి పదును పెట్టుకునే లోపల చూపిస్తానండీ," అంది.

"కానీ," అన్నారాయన.

రెండో మైకు గునపానికుంది. మొదటిది నిన్న పురుగు వినబడిన పక్క చెట్టుకి కట్టి, బిరడా తిప్పింది. ఇంజను అణిగింది. గాదీల అవతల రేకుడబ్బాలు ఎక్కడో వేరే ఊళ్లో మోగుతున్నట్టున్నాయి. కరకర. మైకుని కిందికి జరిపితే సన్నగిల్లింది, పైకి జరిపితే గట్టిపడింది, కొమ్మ చీలే చోట చెవిలోనే నములుతున్నట్టుంది. అక్కడ బొగ్గుతో గీత గీసింది.

గంగరాజు రెండు దెబ్బలు వేసేసరికి ఉలి బొరియలో దిగబడింది. చువ్వ లోపలికి తోసి, మెలిపెట్టి లాగాడు. బొటనవేలంత లావున తెల్లటి పురుగు కొక్కేనికి మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది. రంపం వాళ్లలో ఒకడు, "ఓరి నీ దుంపతెగ!" అన్నాడు.

నారాయణరావు గారు వంగి ఆ పురుగుని చూశారు. "మిగతా చెట్లు?"

"ఒక్కొక్కటే విని చెప్తానండీ. లోపల గుల్లబారినవి ఉంటే అదీ చెప్తాను. వాటిని కొట్టుకోండి."

"గంగరాజూ, బొరియలో కిరసనాయిలు దూది పెట్టి మట్టి మెత్తు," అని ఆయన రంపం వాళ్ల వైపు తిరిగారు. "మీరు కాఫీ తాగి వెళ్లండి."

తర్వాతి చెట్టులోనూ చప్పుడు దొరికింది. పుష్పవతి ఆనందం పట్టలేక హెడ్‌ఫోను తీసి సువర్ణరాజు గారి చెవులకి పెట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. బిరడా ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"ఏదమ్మా? ఏం లేదే?"

"కరకరమంటుంది చూడండి బాబాయి గారూ."

ఆయన తల అడ్డంగా ఊపి నవ్వాడు. "నాకు వినబడదులే తల్లీ. పాతికేళ్లు హార్నుల కింద నిలబడ్డ చెవులివి. సన్నటి చప్పుళ్లు ఎప్పుడో పోయాయి. గోడ ముందు నేనే కట్టుకోవాల్సింది." హెడ్‌ఫోను తీసి, గాదీలు సరిచేసి, మళ్లీ ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు విను. నీ దగ్గరే ఉంచుకో."

ఆ చెట్లలో రెండు పోయాయి, మిగిలినవి నిలిచాయి. మరుసటేడు పూత కొద్దిగా వచ్చింది, ఆ పై ఏడు కొమ్మలు వంగేలా కాసింది. గంగరాజు పాక అక్కడే ఉంది. చాట్రాయి, చింతలపూడి వైపు రైతులు కూడా పుష్పవతిని పిలిపించుకుని చెట్లు వినిపించుకున్నారు. ఆమె ఎక్కడికెళ్లినా సంచిలో ఆ రెగ్జిను గాదీల హెడ్‌ఫోను ఉండేది.

మీరెప్పుడైనా మా వైపు చిన్నరసం కొని, మెత్తగా పిసికి నోట్లో పెట్టుకుంటే, తన చెవికి అందని చప్పుడుని ఇంకొకరి చెవికి అందించిన సువర్ణరాజు గారిని ఒక్కసారి గుర్తుచేసుకోండి.