పంతొమ్మిదో పేరు

టెలిఫోన్ ఆపరేటరుగా నేను ఆ ఊరికి వచ్చింది 1982లో. మానుకోట నుంచి బస్సులో గంట దూరం. ఒక చిన్న గది, గదిలో ఒక బోర్డు, దానికి పద్దెనిమిది ఫోన్లు. ఊళ్లో ఎవరు ఫోనెత్తినా ముందు నాకు మోగుతుంది. వాళ్లడిగిన చోటికి నేను తీగ గుచ్చి కలపాలి.

నాకంటే ముందు ఆ కుర్చీలో ఉన్న ముత్యం రిటైరై వెళ్తూ నంబర్ల పట్టిక నా చేతిలో పెట్టాడు. "నంబర్లు గోడకే ఉంటయ్ బిడ్డా. మనిషి ఏడున్నడో ఎరుకుండాలె" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకున్నాను.

ఆ ఊళ్లో ఒక్కరికీ నంబరు తెలీదు. "జైపాల్‌ను ఇయ్యి" అంటారు. ఏ నంబరంటే, "నంబరేందమ్మా, రైస్‌మిల్లు జైపాల్!" అని నా మీదే గయ్యిమంటారు. ఇంకో విడ్డూరం, ఇల్లు కదిలేముందు ఫోన్ చేసి మరీ చెప్తారు: "పొలంకాడికి పోతున్న, నాకు ఫోనొస్తే పక్కింటికియ్యి." ముత్యం అవన్నీ గుర్తు పెట్టుకునేవాడట. నేను వరంగల్‌లో ట్రైనింగయి వచ్చినదాన్ని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, నంబరు చెప్పకపోతే లైనిచ్చేది లేదన్నాను.

అంగడి రోజు పొద్దున డాక్టర్ జగన్మోహన్ ఫోన్ చేశాడు.

"సునందమ్మా, నేనియ్యాల దవాఖాన్ల ఉండ..."

"ఏ నంబరు కావాలి సార్?"

"నంబరు కాదమ్మా, నేను..."

"నంబరు లేకపోతే పెట్టెయ్యండి" అని నేనే తీగ పీకేశాను. గొప్ప పని చేసినట్టు చాయ్ కూడా తాగాను.

పదకొండింటికి తండా నుంచి టీక్యా ఉరుక్కుంటూ వచ్చాడు. మూడు మైళ్లు వచ్చినవాడు, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, నా పెండ్లాం కమలాబాయికి పొద్దుగాలనుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నరు. దవాఖానకు తాళమున్నది. డాక్టర్‌సాబ్ ఏడున్నడో నీకెరుకుంటదన్నరు."

నాకు ఎరుకుండాల్సిందే. చెప్పబోతే నోరు మూయించింది నేనే. పట్టికలో డాక్టరింటి నంబరు ఏడు. ఏడు మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. ఆ పట్టిక చించి పొయ్యిలో పెట్టాలనిపించింది.

ఇక ఆలోచించలేదు. బోర్డు మీదున్న తీగలన్నీ ఒక్కో ఫోనుకు గుచ్చి, అన్నిటికీ గంట కొట్టి, మీటలన్నీ ఒకేసారి తెరిచాను. అలా ఎన్నడూ చేయొద్దని ట్రైనింగులో మొదటిరోజే చెప్పారు.

"డాక్టర్‌గారు ఎవరి దగ్గరున్నారో చెప్పండి! తండాలో కాన్పు కష్టమైంది, టీక్యా వచ్చి ఇక్కడున్నాడు!"

ఊరంతా ఒకేసారి హలో అంది. ఆ గోలలోంచి జైపాల్ గొంతు వినబడింది: "గీడ్నే ఉన్నడు! మా మిల్లుల బస్తా మీద కూసొని చాయ్ తాగుతున్నడు. నా జీపుల తోలుకొస్త, టీక్యాను తొవ్వల నిలబడుమను."

మధ్యాహ్నమంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఏమైంది, ఏమైంది అని. ఒక్కరూ నంబరు చెప్పలేదు, నేనూ అడగలేదు. నాలుగింటికి డాక్టరు వచ్చి, ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అన్నాడు. పొద్దుటి మాట ఎత్తలేదు. నేనే ఎత్తి, తప్పయిపోయింది సార్ అన్నాను. "రేపు మల్ల ఫోన్ చేస్త, జర వినమ్మా" అని నవ్వాడు. పద్దెనిమిది ఇళ్లకూ నేనే ఫోన్ చేసి కబురు చెప్పాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆ ఊరు నా నోరు చూడకుండానే మంచిగా ఉంది.

మర్నాడు ఒక నోటుబుక్కు కొన్నాను. పొద్దున్నుంచీ రాసుకోవడమే పని. జైపాల్ వరంగల్ పోతున్నాడు, సరోజనక్క చెల్లెలింట్లో ఉంటుంది, డాక్టరు రెండింటిదాకా దవాఖానలోనే.

పది దాటాక టీక్యా వచ్చాడు. బల్లమీద బెల్లం ముక్క పెట్టాడు.

"అక్కా, నేనియ్యాల చెర్వుకింది మడికాడ ఉంట. రాసుకో."

"నీకు ఫోన్ లేదు కదా టీక్యా."

"నాకు లేకుంటేంది, నీతాన ఉన్నది గద."

బెల్లం నోట్లో వేసుకుని, పద్దెనిమిది పేర్ల కింద పంతొమ్మిదోది రాశాను.