కంప్యూటర్ గది టీచరమ్మ

దీవెనమ్మ తడిగుడ్డతో మానిటర్ల మీది దుమ్ము తుడుస్తూ ఉంది. ఎండాకాలం వస్తే పెన్నలోని ఇసుకంతా జమ్మలమడుగు ఇళ్ళలోకే వస్తుంది. ప్రతి మానిటర్ నెత్తినా ఊరి పార్టీ నాయకుడి బొమ్మ అంటించి ఉంది. సర్కారు కొన్న సామానుకు ఈయన నవ్వెందుకని ఆమెకు రోజూ మండేది. అక్కడికొచ్చేసరికి గుడ్డను గట్టిగా రుద్దేది.

నలభై దాటిన మనిషి. మోకాళ్ళు నొప్పి, మెడ నిండా చెమటకాయలు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. వేసవి కంప్యూటర్ శిబిరానికి మిగతా టీచర్లెవరూ రామంటే ఆమె వచ్చింది. పాఠం చెప్పేది ప్రొద్దుటూరు నుంచి వచ్చే మున్వర్. పిల్లల్ని కూర్చోబెట్టడం, కరెంటు పోతే వేపచెట్టు కిందికి తోలడం, మున్వర్ చెప్పింది అర్థంకాని పిల్ల పక్కన తనూ అర్థంకాక కూర్చోవడం ఆమె పని.

ఆమె భర్త సుందరం ఆర్టీసీ డ్రైవర్. కొన్నేళ్ళ కిందట ఎవరో నాయకుణ్ణి చంపారని, ఇంకెవరో కొండాపురం దారిలో అతని బస్సు తగలబెట్టారు. జనాన్నంతా దించి ఆఖరున తను దిగలేకపోయాడు. పరామర్శకొచ్చినవాళ్ళు తగలబెట్టింది ఏ పార్టీవాళ్ళని అడిగారే గానీ, సుందరం ఎట్లాంటి మనిషని ఒక్కరూ అడగలేదు. ఆ దారి బస్సు ఆమె మళ్ళీ ఎక్కలేదు.

పిల్లలు వచ్చి కూర్చున్నాక నాయకుడి మనిషి ఓబులేసు గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"టీచరమ్మా, అన్న వస్తాండాడు, ఫోటోలు తీస్తారు. ఆ కొండాపురం పక్క పిల్లోళ్ళను ఈ పూట ఇండ్లకు పంపియ్. వాళ్ళ నాయనలు అవతలి పార్టీ."

"పిల్లోళ్ళు ఏ పార్టీ అప్పా?" అంది దీవెనమ్మ, గుడ్డ పిండుతూ.

"నీకు తెలీదులేమ్మా."

"నాకు తెలిసినంత నీకు తెలీదు. వాళ్ళు యాడికీ పోరు."

హెడ్‌మాస్టర్ త్రివిక్రమరావు ఆమెను పక్కకు పిలిచాడు. "ఒక్క పూటే గదా దీవెనమ్మా. మనమెందుకు మధ్యలో?"

"ఎప్పుడూ మధ్యలో ఉండేది మనమే సార్. కాలేది మనమే."

ఆ కోపంతోనే ఆమె కొండాపురం పక్క పిల్ల సకీనాను తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. సకీనా తెర మీద రంగులతో రైలు గీస్తూ ఉంది.

నాయకుడు వచ్చాడు. తెల్లబట్టలు, వెనకాల ఇరవైమంది. సకీనా భుజం మీద చెయ్యేసి కెమెరా వైపు తిరిగి, "ఎవురి బిడ్డవు పాపా?" అన్నాడు.

"డ్రైవర్ ఖలందర్ కూతుర్ని సార్."

అవతలి నాయకుడి జీపు తోలేది ఖలందరే. చెయ్యి భుజం మీంచి లేచింది. నాయకుడు దీవెనమ్మ వైపు చూసి, ఓబులేసు చెవిలో ఏదో చెప్పి వెళ్ళిపోయాడు.

కాసేపటికే వ్యాను వచ్చింది. కంప్యూటర్లు రిపేరుకు పులివెందులకు తీసుకుపోవాలన్నారు. ఒక్కదానికీ రిపేరు లేదు. ఓబులేసు మనుషులు తీగలు పట్టి లాగుతుంటే మున్వర్ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. సకీనా ముందున్న తెర నల్లబడింది.

"దాన్ని సేవ్ చెయ్యలేదు మేడమ్," అంది సకీనా.

దీవెనమ్మ వ్యానుకు అడ్డంగా నిలబడింది. "యాడికి తీసుకుపోతాండారు? మీ నాయకుని ఇంట్లోవా ఇవి?" ఇద్దరు ఆమె రెక్క పట్టి పక్కకు జరిపి వ్యాను పోనిచ్చారు.

కొండాపురం పక్క పిల్లల్ని ఒంటరిగా పంపడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. బస్టాండుకు తీసుకుపోయి కొండాపురం బస్సెక్కించి, తనూ ఎక్కింది. డ్రైవర్ వెనక సీట్లో, కమ్మీ పట్టుకుని, దారి వైపు చూడకుండా కూర్చుంది. పిల్లల్ని ఇళ్ళ దగ్గర దించి తిరుగు బస్సులో వచ్చింది.

హెడ్‌మాస్టర్ వరండాలోనే ఉన్నాడు.

"ఫోన్ వచ్చిందమ్మా. నిన్ను ఆ మూల చక్రాయపేటకు బదిలీ చేసినారంట. బడి తెరిచేనాటికి ఆడ చేరాలంట."

"మీరేమన్నారు సార్?"

ఆయన ముందున్న బల్ల మీది రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పాడు.

"శానా బాగుంది," అందామె.

ఆమె చేతిసంచీ తీసుకుని, గది తాళంచెవి ఆయన ముందు బల్ల మీద పెట్టి మెట్లు దిగింది. మోకాలు పట్టేసినా ఆగలేదు. ఆయన గది మూయబోయి లోపలికి చూశాడు. ముందు వరస బల్ల అంచున, హడావిడిలో వాళ్ళు మరిచిపోయిన మౌస్ ఒకటి, సందులో ఇరుక్కున్న తెగిన తీగకు వేలాడుతూ, గాలికి మెల్లగా ఊగుతూ ఉంది.