ఆవకాయ జాడీలో నేలవేము

మా ఆయన నందిగామ హైస్కూల్లో సైన్సు మాస్టారు. ముప్పయ్యో ఏట వాల్తేరు యూనివర్సిటీలో పరిశోధన చేయాలని బుద్ధి పుట్టింది. ఏదైనా మొక్క నుంచి కొత్త పదార్థం ఒక్కటి విడదీసి వేసవిలోగా తెస్తే సీటు ఇస్తానని అక్కడి ప్రొఫెసరు గారు అన్నారట. ఇక చూడండి, ఇల్లు ఇల్లులా లేదు.

మా పుట్టింటి వైపు, జగ్గయ్యపేట గుట్టల్లో దొరికిన నేలవేమంతా, అదే ఆ కటికచేదు మొక్క, కోసుకొచ్చారు. నీడన ఆరబెట్టి, దంచి, జల్లించారు. స్పిరిటులో నానబెట్టడానికి మూత గట్టిగా పట్టే పాత్ర కావాలంటూ అటక మీది నా పెళ్లినాటి జాడీ దించారు.

"అందులో ఏటా ఆవకాయ పెట్టేదాన్నండీ. నూనె పింగాణీలోకి ఇంకిపోయుంటుంది" అన్నాను.

వేణ్ణీళ్లతో కడిగేశానులే అన్నారు. నా మాటంటే ఎప్పుడూ అంతే. ఉన్న పొడంతా అందులోనే పోశారు.

వడకట్టిన రసాన్ని చిక్కబరిచి, అల్యూమినా అనే తెల్లపొడితో కలిపి ఆరనిచ్చారు. తడి మిగిలితే రంగులు కలగాపులగమైపోతాయట. బ్యూరెట్టని స్కూల్లో ఉండే సన్నటి గాజుగొట్టంలో అదే తెల్లపొడి దట్టించి, ఆరినదాన్ని పైన పోసి, చుక్కచుక్కగా స్పిరిటు వదిలారు. ఆకుపచ్చ పైనే ఆగింది. కిందికి ఎర్రటి పట్టీ ఒకటి దిగింది. నేలవేములో ఎరుపు ఉందని ఎవరూ రాయలేదని మా ఆయన ఒకటే సంబరం. సాయంత్రానికల్లా హెడ్మాస్టరు గారి ద్వారా ఊరంతా తెలిసిపోయింది.

స్పిరిటు ఆవిరయ్యాక మిగిలిన ఎర్రజిడ్డు చేదుగా ఉంటుందనుకుని నాలుకకు రాసుకున్నారు. మొహం కందగడ్డయింది. నేనూ వేలు పెట్టి చూశాను. కారం. నా ఆవకాయ కారమే.

నేను చెప్పలేదూ అని నోటిదాకా వచ్చింది. ఆయన్ను చూసి మింగేశాను. మళ్లీ వానలు పడితేగానీ నేలవేము మొలవదు. సీటు గడువు ఆలోపే.

"ఇదే పట్టుకెళ్లండి. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"రేపు ఇంకెవడో శుభ్రమైన సీసాలో నానబెడతాడు ప్రమీలా. ఎరుపు రాదు. తప్పు తనదే అనుకుని ఏళ్లు పాడుచేసుకుంటాడు."

జిడ్డు పెరట్లో పారబోసి, హెడ్మాస్టరు గారింటికి తనే వెళ్లి చెప్పొచ్చారు. ఊరంతా నవ్వుకుంది. సీటు ఇంకొకరికి పోయింది.

ఇప్పుడు ఏటా క్రొమటోగ్రఫీ, అంటే ఇలా రంగులు విడదీసే పద్ధతి, మాట వస్తే క్లాసులో ముందు జాడీ సంగతే చెబుతారట. పిల్లలు పడీపడీ నవ్వుతారట, ఆయనా నవ్వుతారట. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. ఆ జాడీలో మళ్లీ ఆవకాయ పెట్టలేదు.